అంటు కట్టనివ్వని జామచెట్టు

మా తమ్ముడి కూతురు శ్రీనిధి ఆదివారం మా ఇంటికి వస్తే నాకు సంతోషమే. పుస్తకం చంకన పెట్టుకుని వస్తే మాత్రం చిరాకు. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం, బైపీసీ, మూసాపేట దగ్గర హాస్టల్ ఉన్న కాలేజీ. వారమంతా అక్కడ బట్టీ పట్టించినదాన్ని ఆదివారం నాకు అప్పజెబుతుంది, తప్పులుంటే పట్టమంటుంది. నేను బడికి వెళ్లి చదివింది పదో తరగతి వరకే. మిగతాదంతా తమ్ముడి పాత పుస్తకాలూ, ఇప్పుడు దీని కొత్త పుస్తకాలూ ముందేసుకుని నాకు నేనుగా కూడబలుక్కున్నది. అందుకే నాకు ఒక రోగం ఉంది, అర్థం కానిదే ముందుకు కదలలేను. దానికి సరిగ్గా వ్యతిరేకమైన రోగం మా పిల్లది. మొన్న వచ్చి సోఫాలో కాళ్లు ముడుచుకు కూర్చుని, కణవిభజన పాఠం తీసి, సమవిభజనకూ క్షయకరణ విభజనకూ తేడాలు చూడకుండా చెబుతాను వినమంది. మొదలుపెట్టింది. మొదటిది శరీర కణాల్లో జరుగును, రెండవది బీజకణాలు తయారగు చోట జరుగును. మొదటిదానిలో కణం ఒకసారి చీలి రెండు పిల్లకణాలగును, రెండవదానిలో రెండుసార్లు చీలి నాలుగగును. మొదటిదానిలో క్రోమోజోముల సంఖ్య మారదు, రెండవదానిలో సగమగును. మెట్రోలో తర్వాతి స్టేషను పేరు చెప్పే గొంతు ఉంటుందే, అచ్చం ఆ గొంతు. ఆ స్టేషనులో ఎవరు దిగుతారో, ఎందుకు దిగుతారో ఆ గొంతుకు పట్టదు.

తప్పు ఒక్కటీ లేదు. అదే నాకు ఒళ్లు మండించింది. పుస్తకం మూసి, జామచెట్టు ఆకులో ఉండే కణంలో ఇరవై రెండు క్రోమోజోములుంటే, దాని పుప్పొడిలో ఉండే బీజకణంలో ఎన్నుంటాయో చెప్పమన్నాను. శ్రీనిధి నా వైపు జాలిగా చూసి, "జామ సిలబస్‌ల లేదత్తమ్మా. ఉల్లిగడ్డ ఉంది" అంది. ఇంతసేపూ సగమగును, సగమగును అని అప్పజెప్పిన నోరే అది. ఇరవై రెండులో సగం చెప్పడానికి సిలబస్ అడ్డొచ్చింది. తిట్టబోయి ఆగాను. జామచెట్టే ఎందుకు నోటికొచ్చిందా అనిపించింది. వేపో, మామిడో అనొచ్చు కదా. ఇదే గోపన్‌పల్లిలో, ఇప్పుడు మేముంటున్న అపార్ట్‌మెంటు గేటుకు కాస్త అవతల, స్కూలు బస్సులు తిరిగే రోడ్డు మలుపులో ఒకప్పుడు మా జామచెట్టు ఉండేది. ఆ చెట్టు విషయంలో మా ఇంట్లో జరిగిన తప్పు, ఈ పాఠంలోని రెండు విభజనలనూ ఒకటే అనుకున్న తప్పు. తేడాల పట్టిక చదివిన వాళ్లకు తెలియదు గానీ, ఆ చెట్టు కింద బతికిన నాకు తెలుసు.

అప్పుడిక్కడ మాకు కొంచెం కూరగాయల మడి ఉండేది. యూనివర్సిటీ గోడ అవతలి నుంచి నెమళ్లు ఎగిరొచ్చి మిరపనారు పాడు చేసేవి. ఇంట్లో పెద్ద దిక్కు మా బాపమ్మ, అంటే నాయిన వాళ్ల తల్లి. పొద్దున లేవగానే వాకిట్లో పేడనీళ్ల సాన్పు చల్లి, ఆ చేత్తోనే చెంబెడు నీళ్లు తీసుకెళ్లి జామచెట్టు మొదట్లో పోసేది. అది పోశాకే పొయ్యి వెలిగించేది, మాకు జొన్నరొట్టెలు కాల్చేది. శుక్రవారం చెట్టుకు పసుపు రాసి బొట్టు పెట్టేది. కాయలు పండే రోజుల్లో గడ్డి పరిచి మాగబెట్టేది. ఇల్లంతా, పడుకునే దుప్పట్లూ, నా బడి సంచీ, అన్నీ జామపండు వాసనే. పలచటి తోలు, తెల్లటి కండ, పంటికి తగలని మెత్తటి గింజలు. అలాంటి పండు తర్వాత నేను తినలేదంటే చిన్నప్పటి మీద మమకారం అనుకుంటారు. కాదు, నేను పండ్ల విషయంలో మమకారం పెట్టుకునే మనిషిని కాను. నిజంగానే తినలేదు.

ఆ చెట్టు బాపమ్మకు కూతురు. మాటవరసకు అనడం లేదు. ఆమెకు నాయిన తర్వాత ఒక ఆడపిల్ల పుట్టింది. బిడ్డతో పాటు వచ్చే మాయను పెరట్లో పాతిపెట్టి, ఆ గుంట మీద చెట్టు నాటడం మా వైపు ఆనవాయితీ. అట్లా నాటిన మొక్క అది. ఆ పిల్ల ఎనిమిదేళ్లకు జ్వరం వచ్చి పోయింది, చెట్టు మిగిలింది. ఆ పిల్ల పేరు యాదమ్మ. తర్వాత చాలా ఏళ్లకు నేను పుడితే అదే పేరు నాకు పెట్టారు, పోయిన బిడ్డే తిరిగి వచ్చిందన్నారు. పేరుతో ఆగితే బాగుండేది. మా మేనత్తకు కాకరకాయ అంటే ప్రాణమట, అందుకని నా పళ్లెంలో కాకరకాయ. ఆమె పాపిట పక్కకు తీసుకునేదట, అందుకని నాకూ పక్క పాపిట. ఆమె పాటలు పాడేదట, నేను నోరు విప్పితే పక్కింటి కుక్క లేచి పారిపోయేది, అయినా బోనాలప్పుడు పాడమని నిలబెట్టేవారు. నాకు చిన్నప్పటి నుంచీ లెక్కపెట్టడం అలవాటు, కొమ్మకెన్ని కాయలు, మడికెన్ని మొక్కలు అని. నేను పైకి చూసి వేళ్లు మడిస్తే చాలు, బాపమ్మ చెయ్యి లాగేసేది. చెట్టుకు దిష్టి తగులుతుందని ఒక కోపం, మా యాదమ్మ గిట్ల లెక్కలు పెట్టకపోయేది అని ఇంకో కోపం. నేను ఎదురుగా నిలబడి ఉంటే మా యాదమ్మ అని వేరే మనిషి గురించి చెప్పేది. అదెంత విసుగో అనుభవించిన వాళ్లకే తెలియాలి. బతికున్న పిల్లతో పోల్చితే ఎప్పుడో ఒకప్పుడు గెలవొచ్చు. పోయిన పిల్ల తప్పు చెయ్యదు, పాపిట చెదరనివ్వదు, కూర మిగల్చదు.

నాకు పదేళ్లు వచ్చేసరికి నాయిన మడి అమ్మేశాడు. ఎందుకమ్మాడో, ఎవరి మాట విని అమ్మాడో చెప్పే ఓపిక నాకిప్పుడు లేదు. ఈ చుట్టుపక్కల ఆ కథ లేని ఇల్లు లేదు. కొన్నవాళ్లు లేఅవుట్ వేశారు. ఇల్లు కట్టుకోవడానికి మూలన మాకు కాస్త జాగా మిగిలింది, చెట్టు మాత్రం రోడ్డులోకి పోతుందని సున్నంతో గీత గీశారు. బాపమ్మ ఆ గీతను కాలితో చెరిపేది, వాళ్లు మళ్లీ గీసేవాళ్లు. ఆ లేఅవుట్‌లో దారుల పక్కన మొక్కలు నాటడానికి గోదావరి వైపు నుంచి సూర్యారావు అనే నర్సరీ మనిషి వచ్చాడు. మధ్యాహ్నం మా ఇంటికి నీళ్లకు వచ్చినవాడికి బాపమ్మ ఒక పండిచ్చింది. సగం తిని ఆగి, చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. ఈ చెట్టును ఊరికే పోనివ్వొద్దనీ, నాలుగు కొమ్మలకు తాను అంటు కడతాననీ, రెండు నెలల్లో ఆ కొమ్మలకే వేళ్లు వస్తాయనీ, కోసి వేరే చోట పెట్టుకుంటే అచ్చంగా ఇదే కాయ, ఇదే రుచి వస్తుందనీ చెప్పాడు. బాపమ్మ ముఖం అంతగా వెలగడం నేను అంతకు ముందు చూడలేదు. అంటు అంటే ఏం చేస్తావని అడిగింది. కొమ్మ చుట్టూ ఉంగరం మేర బెరడు తీసేసి, అక్కడ తడి నాచు పెట్టి ప్లాస్టిక్ కాగితంతో కడతామన్నాడు.

"బెరడు దేంతోటి తీస్తవ్?"

"చాకుతోనండి. చిన్నదే."

"నా బిడ్డ తోలు వలుస్తవా?"

సూర్యారావు బెదిరిపోయి, గుమ్మంలో నిలబడ్డ నా వైపు చూశాడు. ఆయనకు కనిపించిన బిడ్డను నేనొక్కదాన్నే. నాయిన కల్పించుకుని విషయం చెప్పాడు. తల్లికి నచ్చజెప్పబోయాడు, అది చెట్టే గానీ చెల్లెలు కాదన్నాడు. "నీకేమెర్క? పాతింది నువ్వా?" అని ఒక్క మాట అంది బాపమ్మ. నాయిన తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. అప్పుడు బాపమ్మ తన ఉపాయం చెప్పింది. గింజలు నాటుతుందట. "తల్లి కడుపుల నుంచి వచ్చింది తల్లి తీరుగనే ఉంటది" అంది. సూర్యారావు ఆమె మీద గౌరవంతో ఎదురు చెప్పలేక, చెప్పకుండా ఉండలేక, "గింజ మొక్కకి పూచీ లేదండమ్మా. అది ఎటు పోతుందో ఎవరికీ తెలీదండి" అన్నాడు. బాపమ్మ ఆయనకు ఇంకో పండిచ్చి పంపేసింది.

ఇక్కడ ఆగి శ్రీనిధికి చెప్పిందే మీకూ చెబుతాను, ఎందుకంటే ఆ మధ్యాహ్నం మా ఇంట్లో కూర్చున్నవి ఆ రెండు విభజనలే. అంటు కట్టిన కొమ్మకు వేళ్లెక్కడి నుంచి వస్తాయి? ఆ కొమ్మలోని కణాలే చీలి, చీలి, వేళ్లవుతాయి. చీలే ముందు ప్రతి కణం తన ఇరవై రెండు క్రోమోజోములకూ నకలు తీసుకుంటుంది. తర్వాత ఒకేసారి చీలుతుంది, రెండు పిల్లకణాలకూ ఇరవై రెండేసి వస్తాయి, తల్లి దగ్గర ఏమున్నాయో అవే. అది సమవిభజన. మన గాయం మానేదీ, గోరు పెరిగేదీ, విత్తు చెట్టయ్యేదీ దానితోనే. దానికి కొత్తది పుట్టించే ఆలోచన లేదు, ఉన్నదాన్ని ఉన్నట్టు నిలబెట్టడమే పని. గింజ సంగతి వేరు. గింజ కావాలంటే ముందు పువ్వులో బీజకణాలు తయారవ్వాలి, అక్కడ జరిగేది క్షయకరణ విభజన. అందులోనూ కణం నకలు ఒక్కసారే తీసుకుంటుంది, కానీ చీలడం రెండుసార్లు. ఇరవై రెండు అంటే పదకొండు జతలు. మొదటి చీలికలో ప్రతి జతలోని రెండూ విడిపోయి చెరో వైపు పోతాయి, ఏది ఎటు అనే నియమం లేదు. రెండో చీలికలో ఆ నకళ్లు కూడా విడిపోతాయి. చివరికి నాలుగు కణాలు, ఒక్కొక్క దానిలో పదకొండే. పుప్పొడి నుంచి పదకొండు, అండం నుంచి పదకొండు కలిస్తే మళ్లీ ఇరవై రెండు. సగం చెయ్యకపోతే ప్రతి తరానికీ రెట్టింపయ్యేవి కదా. సంఖ్య తిరిగి వస్తుంది. పాత చెట్టు తిరిగి రాదు.

ఎందుకు రాదో నాకు లెక్కలో చూస్తేనే తృప్తి. ఒక్కో జతలో రెండు అవకాశాలు, పదకొండు జతలు. రెండును పదకొండుసార్లు వేసుకుని గుణిస్తే రెండువేల నలభై ఎనిమిది. ఒక చెట్టు ఇవ్వగల అండాలు అన్ని రకాలు. పుప్పొడిలోనూ అన్ని రకాలే, అది అదే చెట్టు పువ్వుదైనా సరే. రెండూ కలిసే తీరులు నలభై ఒక్క లక్షల తొంభై నాలుగు వేల పైచిలుకు. ఇది నేను గొప్పగా చెప్పి కాఫీ గ్లాసు అందుకునేలోపు శ్రీనిధి, "వినిమయం లెక్కల తీస్కోలేదు నువ్వు" అంది. నిజమే. మొదటి చీలికకు ముందు జతలోని రెండు క్రోమోజోములూ ఒకదాన్నొకటి పెనవేసుకుని ముక్కలు మార్చుకుంటాయి. అంటే మారకుండా ఉన్న క్రోమోజోము అంటూ దాదాపు ఉండదు, నా నలభై లక్షలు ఏ మూలకూ చాలవు. పట్టికలో నాలుగో తేడా అదేనట. బట్టీ పట్టిన పిల్ల నా లెక్కలో తప్పు పట్టింది, అదీ సరిగ్గా పట్టింది. కాఫీ చల్లారిపోయింది.

బాపమ్మ కోరింది సమవిభజన ఇచ్చే ఫలితం, పట్టింది క్షయకరణ విభజన దారి. కూతుర్ని కూతురిలాగే ఉంచే ఒక్క ఉపాయం చేతికి వస్తే, కూతురికి నొప్పి పుడుతుందని వద్దంది. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఒక్క కొమ్మ, ఒక్క చాకు గాటు. మా ఇంట్లో మనుషులందరూ కలిసి ఆమెను రెండు నెలలు బతిమాలి ఉంటే ఈ రోజు ఆ చెట్టు ఉండేది. ఎవరూ బతిమాలలేదు. బాపమ్మ పండ్లలో మంచి పండు ఏరి, చెక్కుచెదరనిది కోసి, గింజలను బూడిదలో రుద్ది, నీడన ఆరబెట్టి, పాత నూనె డబ్బాల్లో నాటింది. మొలకలు వచ్చాక మిగిలిన జాగాలో వరసగా పెట్టింది. రోడ్డు పని మొదలై చెట్టును కొట్టేసిన రోజు ఆమె ఇంట్లోనే ఉంది, జొన్నపిండి పిసుకుతూ కూర్చుంది. పిండిలో తడి ఆరిపోయేదాకా పిసుకుతూనే ఉంది, ఆ పూట రొట్టెలు చేతికి రాకుండా విరిగిపోయాయి, అందరం ముక్కలే తిన్నాం. మర్నాడు చెంబు నీళ్లు మొలకలకు పోసింది. వాటిని కూడా పేరు పెట్టే పిలిచింది. నా పేరే, ఇంకెవరిది.

ఇప్పుడు నా ఉద్యోగం ఆఫీసు ఆవరణలకు మొక్కలు సరఫరా చేసే ఒక కాంట్రాక్టరు దగ్గర. హైటెక్ సిటీలో ఏ అద్దాల భవనం కింద ఎన్ని కుండీలున్నాయి, ఎన్ని బతికాయి, ఎన్ని మార్చాలి, ఆ లెక్క నాది. వాళ్లకు కావలసింది ఒక్కటే, అన్నీ ఒకేలా ఉండాలి. ఒక మొక్కకు రెండాకులు ఎక్కువుంటే ఫోటో తీసి పంపుతారు. అందుకని ఒకే తల్లి మొక్క ముక్కల నుంచి గాజు సీసాల్లో పెంచినవి తెస్తాం, అన్నీ సమవిభజన బిడ్డలే, వేలల్లో ఒకే మొహం. ఆ మధ్య ఒక ఆవరణలో వేరుకుళ్లు వస్తే ఒక్కటీ మిగలలేదు. ఒకదానికి తట్టుకునే శక్తి లేదంటే మిగతా వాటికీ లేనట్టే మరి. కారణం రాసి పంపితే, అర్థం కాలేదు, అలాంటివే మళ్లీ పెట్టండి అని జవాబు. తెల్లాపూర్‌లో పెద్ద పెద్ద గేట్ల వెనక తోటలు కూడా ఇంతే. చదువుకున్నవాళ్లు కదా అని ఓపికగా చెబుతాను, విననప్పుడు బాపమ్మ గుర్తుకొస్తుంది. ఆమె కనీసం బిడ్డ కోసం మొండికేసింది. వీళ్లు ఫోటో కోసం.

ఇంకో లెక్క కూడా ఉంది. అది శ్రీనిధికి చెప్పాలా వద్దా అని కాసేపు ఆలోచించాను. మేనత్తకూ మేనకోడలికీ క్రోమోజోముల్లో ఉమ్మడిగా ఉండేది సగటున నాలుగో వంతు. బాపమ్మ నా నుంచి ముప్పాతిక ఎక్కువ అడిగింది. నేను పుట్టకముందే, అమ్మలోనూ నాయినలోనూ ఆ చీలికలు జరిగినప్పుడే ఆ ముప్పాతిక ఎటో పోయింది. కాకరకాయ తినిపిస్తే అది వస్తుందా? చెప్పాను. శ్రీనిధి, "అంటే నీకు నాకు గూడ నాలుగో వంతేనా?" అంది. అంతే అన్నాను. హమ్మయ్య అన్నట్టు పుస్తకం తెరిచి, మళ్లీ మూసి, ఆ గింజ మొక్కలు కాసినయా లేదా అని అడిగింది. పాఠం మొత్తంలో ఆ చెట్టు గురించి పిల్లది నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది.

కాశాయి. నాకు పద్నాలుగో ఏడు నడుస్తుండగా కాశాయి. ఒక చెట్టు పండు కోస్తే లోపల గులాబీ రంగు, నోట్లో పెడితే పులుపు. ఇంకోదానికి మెడ పొడుగు, రుచి లేదు. ఒకదాని గింజలు కంకర. ఒకటి మాత్రం తీపే, తోలు మందం. ఒకటి పూత పూసి రాల్చేసుకుంది. బాపమ్మ ఒక్కో చెట్టు దగ్గరికీ వెళ్లి, ఒక్కో పండు కొరికి, నమిలి, మింగింది. దేన్నీ ఉమ్మలేదు. అరుగు మీద కూర్చుని చాలాసేపు చేతులు చూసుకుంది. నాకు భయమేసింది. ఆ చెట్లన్నిటికీ నా పేరే కదా, తిట్టు ఎటు నుంచి వచ్చినా నాకే తగిలేట్టుంది. నాయిన గొడ్డలి తెచ్చి, తీపి చెట్టు ఒక్కటి ఉంచి తక్కినవి కొట్టేస్తానన్నాడు, జాగా ఇరుకవుతోందన్నాడు.

"ఉండనియ్. అవి గూడ పుట్టినయ్ గద" అంది బాపమ్మ.

తెల్లారి పొయ్యి ముందు కూర్చుని, వంకాయలు చేతిలో పట్టుకుని, కాకరకాయలు పక్కన పెట్టుకుని, రెండూ వదిలేసి నా వైపు తిరిగింది. "నీకేం కూర గావాలె?" అని అడిగింది. నేను వెనక్కి చూశాను, ఎవరినైనా అడుగుతోందేమోనని. ఎవరూ లేరు. నాకు ఏం కూర కావాలో నాకు తెలియదు. మా మేనత్తకు ఏదిష్టమో, అందులో కారం ఎంతో, పులుపు ఎంతో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. నా సంగతి ఎప్పుడూ ఎవరూ అడగలేదు, నన్ను నేను కూడా అడగలేదు. "జర జల్ది చెప్పు, పొయ్యి ఆర్తది" అని తొందర పెట్టింది. అప్పట్లో మా ఇంట్లో కోళ్లు లేవు, మా మేనత్త కథల్లో కోడిగుడ్డు ఎక్కడా రాలేదు. ఆమెది కానిది ఏదో పోల్చుకోవడానికి నాకు తట్టిన ఆధారం అదొక్కటే. గుడ్డు పులుసు అన్నాను.

"ఇంట్ల ఒక్క గుడ్డు లేదు. పొద్దుగాల్నే ఎవలన్న గుడ్లడుగుతరా? ఇన్నేండ్లు నోరు లేవలే, ఇయ్యాల లేసింది దీనికి" అంటూ లేచి, చీర కుచ్చెళ్లు దోపుకుని, పక్కింటికి గుడ్లు అడిగి తేవడానికి బయల్దేరింది. దారి పొడుగునా సణుగుతూనే వెళ్లింది. గుమ్మంలో నిలబడి చివరిదాకా విన్నాను. ఆ సణుగుడులో మా మేనత్త ఊసు ఎక్కడా లేదు, మొత్తం నా మీదే.